ఖాళీ గోడకు దిష్టి చుక్క

2023 ఎండాకాలం. బడులకు సెలవులిచ్చారంటే మాకు పని మొదలైనట్టే. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్లు చాలావరకు మే నెలలోనే గోడలకు రంగులు వేయించుకుంటాయి. జూన్‌లో అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రుల కంటికి అన్నీ కొత్తగా కనిపించాలి కదా. నేను స్కూల్ వాల్ ఆర్టిస్టుని. అంటే నర్సరీ గోడల మీద ఏనుగులు, రైలు బళ్లు, మామిడిపండ్లు వేసేవాణ్ణి. పేరు యాదగిరి, ఉండేది చిల్కానగర్‌లో.

మొదట్లో సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి మా నోట్లో మట్టి కొట్టాక స్కూళ్ల మీద పడ్డాను. అదీ ఒకందుకు మంచిదే అయింది. ఇవాళ ఉప్పల్ నుంచి అన్నోజిగూడ దాకా ఏ ప్లే స్కూల్ గేటులోంచి తొంగి చూసినా నా జిరాఫీ కనిపిస్తుంది. నా జిరాఫీకి కనురెప్పలుంటాయి. వేరే ఆర్టిస్టుల జిరాఫీలకు ఉండవు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పే కాబట్టి చెబుతున్నాను.

ఆ మే నెలలో నాచారంలోని ఒక చిన్న స్కూలు కరస్పాండెంట్ గారు ఫోన్ చేశారు. మా వైపు ప్రైవేటు స్కూలు యజమానిని కరస్పాండెంట్ అంటారు. ఆ స్కూల్లో అంతకుముందు రెండుసార్లు పని చేశాను.

"యాదగిరీ, ఈసారి ఒక స్పెషల్ క్లాస్‌రూమ్ పెడ్తున్నం. ఆటిజం ఉన్న పిల్లలకు. ఈ చుట్టుపక్కల ఎవ్వరు పెట్టలే. మస్తు స్పెషల్‌గ ఉండాలె. నీ ఇష్టమొచ్చినట్టు ఎయ్యి."

ఇరవై ఆరేళ్ల సర్వీసులో 'నీ ఇష్టమొచ్చినట్టు' అన్న పార్టీ అదే మొదటిది. రెండు రోజులు తిండి మీద ధ్యాస లేకుండా స్కెచ్ గీశాను. నాలుగు గోడల నిండా అడవి. సీలింగు మీద ఆకాశం, మధ్యలో మీసాలున్న సూర్యుడు. తలుపు తెరిస్తే పులి నోట్లోంచి లోపలికి వెళ్లినట్టుండాలని తలుపు చుట్టూ పళ్లు కూడా గీశాను.

స్కూలుకు వెళితే కరస్పాండెంట్ సార్ పక్కన ఒక మేడం కూర్చుని ఉంది. పేరు ప్రమీల. స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే మామూలు క్లాసులో ఇమడలేని పిల్లలకు వాళ్ల పద్ధతిలో చదువు చెప్పడానికి ట్రైనింగ్ అయిన టీచర్. నా స్కెచ్‌ను తీరిగ్గా చూసింది. పులి పళ్ల దగ్గర ఒక నిమిషం ఆగింది.

"మస్తు మంచిగుంది అన్నా. చేతిల కళ ఉన్నది."

"థాంక్స్ మేడం."

"కని ఇందుల ఏదీ వద్దు."

నేను ఆమె తమాషా చేస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. నాలుగు గోడలకూ ఒకే రంగు, పలచని బూడిద రంగు, మ్యాట్ ఫినిష్ కావాలంది. మ్యాట్ అంటే మెరవని రంగు, వెలుతురు పడ్డా తిరిగి కంట్లో కొట్టదు. బొమ్మ వద్దు, బార్డర్ వద్దు, గోడ మీద అక్షరం ముక్క వద్దు.

"మేడం, గట్లయితే దవాఖానా లెక్క కనవడ్తది."

"దవాఖానాల కూడా క్యాలెండర్ ఉంటది అన్నా. నాకు అది గూడ వద్దు."

నా మొహం చూసి జాలిపడిందేమో, కుర్చీ లాక్కుని కూర్చుని వివరంగా చెప్పింది. "మనం రోడ్డు మీద పోతాంటె లారీ హారన్, పక్కోళ్ల ముచ్చట, మిర్చి బజ్జీల వాసన, అన్నీ తెలుస్తనే ఉంటయి. కని మనకు కావాల్సింది పట్టుకుని తక్కినయి ఇడిసిపెడ్తం. ఈ పిల్లలల్ల చానామందికి గట్ల ఇడిసిపెట్టుడు కష్టం. అన్నీ ఒక్కపారే మీద వడ్తయి. నువ్వు గోడ మీద నలభై జంతువులు ఏస్తే, నేను చెప్పే ఒక్క మాట ఎక్కడ దూరాలె?"

మాట సబబుగానే ఉంది. అయినా ఆర్టిస్టుని కదా, మనసు ఒప్పుకోలేదు. "కనీసం ఒక్క జిరాఫీ..." అన్నాను. మేడం తల అడ్డంగా ఊపింది. కనురెప్పల సంగతి చెప్పాను. అయినా వినలేదు.

సార్‌ది వేరే బాధ. మేడం బయటికి వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచారు. "పేరెంట్స్ వచ్చి సూస్తే ఏమనుకుంటరు? గోడకు బొమ్మ గూడ ఎయ్యలేడు, ఈడేం చదువు చెప్తడు అనరా? కమ్‌సేకమ్ సీలింగ్ మీద నాలుగు చుక్కలన్న పెట్టు. మేడం పైకి సూడదు." మరునాడు నేను నిచ్చెనెక్కి మొదటి నక్షత్రం గీస్తున్నానో లేదో కింది నుంచి మేడం గొంతు వినిపించింది, "పిల్లలు పండుకుంటరు అన్నా, పండుకుంటే పైకే సూస్తరు" అని. నేను సార్ వైపు చూశాను. సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ వానొచ్చేటట్టుందన్నారు. మే నెల నడిమధ్య ఎండ మండిపోతోంది.

గదిని తయారుచేయడం చూస్తుంటే నాకు అన్నీ వింతగానే ఉన్నాయి. అది నేల అంతస్తులో, లారీలు తిరిగే రోడ్డుకు దూరంగా వెనకవైపు ఉన్న పాత స్టోర్ రూమ్. ఆరుగురు పిల్లలకు ఆరు బల్లలు, ఒక్కో బల్లకు రెండు పక్కలా ప్లైవుడ్ అడ్డాలు, ఎదురుగా గోడ. దీన్ని వర్క్‌స్టేషన్ అంటారట. నాకైతే ఓట్లు వేసే చోట పెట్టే అట్ట డబ్బా గుర్తొచ్చింది. ఒక మూల చాప, మెత్తలు, పైన పరదా. అల్లరి చేసినవాళ్లను కూర్చోబెట్టే చోటనుకున్నాను. కాదట, దాన్ని కామ్ కార్నర్ అంటారట, తల బరువెక్కినప్పుడు ఎవరికి వారే వెళ్లి కాసేపు కూర్చుని వస్తారట. "గసోంటిది నాక్కూడ ఒకటి కావాలె మేడం" అన్నాను. "సార్‌కు గూడ కావాలె, కని ఆయన దాంట్ల వట్టడు" అంది మేడం, గొంతు తగ్గించి. టక్ టక్ మనే ఫ్యాను మార్పించింది. వరండాలోని గంట విప్పించి మరో చివరకు పంపింది.

బొమ్మలు వేయనివ్వలేదని నేను మూతి ముడుచుకుని తిరుగుతుంటే చివరికి ఆమే ఒక పని ఇచ్చింది. ఆ గదిలో పిల్లలకు ఆ రోజు ఏమేం జరుగుతుందో నోటితో చెప్పడం కన్నా బొమ్మల కార్డులతో చూపిస్తారు. కూర్చోవడం, పని, నీళ్లు, ఆట, ఇల్లు, ఇలా వరసగా ఒక పట్టీ మీద అంటిస్తారు. ఒక్కో పని కాగానే ఆ కార్డు తీసి పక్కనున్న సంచిలో వేయాలి. ఆ సంచి పేరు 'అయిపోయింది'. ఈ మొత్తాన్ని విజువల్ షెడ్యూల్ అంటారు. ఆ కార్డులు గీసిపెట్టమంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క రాత్రిలో ఇరవై కార్డులు గీసి తెచ్చాను. మేడం మొదటిది తీసి చూసింది.

"గ్లాస్ ఎందుకు నవ్వుతున్నది?"

"పిల్లలకు ఇష్టమని కండ్లు, మూతి వెట్టిన మేడం."

"దీనికి చేతులు గూడ ఉన్నయి."

"నమస్తే వెడ్తున్నది."

ఆమె కార్డు కింద పెట్టి కళ్లు మూసుకుంది. "అన్నా, పిల్లకు దూప అయితది. నీళ్లు కావాలె. ఇదేమో నమస్తే వెడ్తున్నది. పిల్ల ఏమనుకోవాలె?" బాత్రూమ్ కార్డు గురించి మేడం అన్న మాటలు ఇక్కడ రాయను. దాని చుట్టూ నేను పూలతీగ వేశాను. ఇరవై కార్డులూ మళ్లీ గీయించింది. ఏ బొమ్మా నవ్వకుండా గీయడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది, చేయి దానంతటదే మూతి వైపు పోతుంది.

ఇక గోడలు. లప్పం పెట్టి, సాండ్‌పేపర్ కొట్టి, ప్రైమర్ మీద రెండు కోట్లు రోలర్‌తో వేశాను. లప్పం అంటే గోడ గుంతలు పూడ్చే పుట్టీ. బొమ్మ ఉంటే గోడలోని లోపాలు దాని కింద దాక్కుంటాయి, ఖాళీ గోడకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. చివరి రోజు గది మధ్యలో నిలబడి చూస్తే ఎక్కడా గీత లేదు, మచ్చ లేదు. నా దిష్టే తగిలేటట్టుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మాకు పని నేర్పిన ఉస్తాదు ఒక అలవాటు నేర్పాడు. గది మరీ బాగా కుదిరితే, తాళం ఇచ్చే ముందు ఎవరూ చూడని చోట వేలి కొనతో చిన్న నల్ల చుక్క పెట్టాలి. చంటిపిల్ల బుగ్గకు పెట్టినట్టే, దిష్టి తగలకుండా. స్కూళ్ల పని మొదలుపెట్టినప్పటి నుంచి పెడుతున్నాను, ఒక్కళ్లు కూడా కనిపెట్టలేదు, ఎందుకంటే అవి జిరాఫీ ఒంటి మచ్చల్లో కలిసిపోతాయి. ఇక్కడ కలపడానికి జిరాఫీ లేదు. నడుము ఎత్తులో పెడితే పెద్దవాళ్ల కంటికి ఆనదులే అనుకుని, గోడ మీద నల్ల ఎనామెల్‌తో బఠాణీ గింజంత చుక్క పెట్టి తృప్తిగా ఇంటికి వెళ్లాను.

నడుము ఎత్తంటే కుర్చీలో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు సరిగ్గా కంటికి ఎదురుగా. ఆ తర్వాత వేసిన బల్లల్లో మూడోది నేరుగా ఆ చుక్క ముందుకే వచ్చింది. అటు అడ్డం, ఇటు అడ్డం, చుట్టూ బూడిద రంగు, నడిమధ్య నల్ల చుక్క. ప్రపంచంలో చూడటానికి ఇంకేమీ మిగల్చకుండా ఒక్క చుక్కను పెట్టినట్టయింది.

ఆ బల్ల వైష్ణవిది.

వైష్ణవి తల్లి సునీత మల్లాపూర్‌లో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పని చేస్తుంది. జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం. పిల్లకు మాటలు రాలేదు. అప్పటికే మూడు స్కూళ్లు "మా వల్ల కాదమ్మా" అని పంపేశాయి. ప్రతి స్కూలూ ఏడుపు మొదలవగానే తల్లికి ఫోన్ చేసేది, ఆమె మిషన్ ఆపి పరుగెత్తేది. ఇంకొక్కసారి డ్యూటీ మధ్యలో లేస్తే రానక్కర్లేదని సూపర్‌వైజర్ చెప్పేశాడట. ఆ గది నిలబడితే పిల్లకు బడి, తల్లికి పని. లేకపోతే రెండూ లేవు.

ఇవన్నీ నాకు జూన్ రెండో వారంలో, మేడం ఫోన్ చేసినప్పుడు తెలిశాయి. అప్పుడు నేను ఉప్పల్‌లో ఒక డ్యాన్స్ స్కూలు గోడకు నెమలి వేస్తున్నాను.

"యాదగిరన్నా, మూడో బల్ల ముంగట గోడ మీద చుక్క ఎవరు వెట్టిన్రు?"

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. "దిష్టికి మేడం" అన్నాను.

మేడం జరిగింది చెప్పింది. వైష్ణవి మొదటి రోజు వచ్చి కూర్చుంది, చుక్కను చూసింది, దాని మీద వేలు పెట్టింది. అంతే. మూడు రోజులుగా వేలు అక్కడే. పెన్సిలు ఇచ్చినా, పూసలు ఇచ్చినా, కార్డు చూపినా తిరగదు. చేయి పట్టి తీస్తే అరుపు. ఆ అరుపు పై అంతస్తు ఐదో తరగతి దాకా వినిపిస్తోంది. ఆ తరగతి తల్లిదండ్రులు వచ్చి సార్‌ను అడిగారు. శనివారం దాకా చూస్తానని, ఆ తర్వాత గదిని కంప్యూటర్ ల్యాబ్ చేసుకుంటానని సార్ అన్నారట.

"నేను సరిజేస్త మేడం, ఫికర్ చెయ్యకున్రి" అన్నాను. ఫోన్ పెట్టగానే నెమలిని ఒంటి కాలు మీద వదిలేసి బండి తీశాను. స్కూలు వదిలిన తర్వాత, మేడం వెళ్లిపోయాక ఆయమ్మను అడిగి తాళం తీయించాను. చుక్కను సాండ్‌పేపర్‌తో గీకి, దాచుకున్న డబ్బాలోంచి అదే రంగు తీసి బ్రష్‌తో టచప్ చేశాను. పది నిమిషాల పని. ఇంటికెళ్లి, చాలా తెలివిగా చేశానని భార్యకు కూడా చెప్పాను.

మరునాడు పదింటికే ఫోన్. ఈసారి మేడం నన్ను అన్నా అనలేదు. "ఏం చేసినవ్?" అంది. వెనకాల నుంచి పిల్ల అరుపు వినిపిస్తోంది.

నేను వెళ్లేసరికి వైష్ణవి బల్ల మీదికెక్కి గోడంతా వెతుకుతోంది. నిన్నటిదాకా ఉన్నది ఇవాళ లేదు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో అడగడానికి మాట లేదు. మాకు ఇంకో తలనొప్పి ఉంది, మ్యాట్ రంగు మీద టచప్ ఎప్పుడూ కలవదు. డబ్బా అదే, రంగు అదే, కానీ రోలర్ వేసిన గోడ మీద బ్రష్ పెడితే ఆ మేర ప్యాచ్‌గా కనిపిస్తుంది. మామూలు మనుషులు చూడరు. ఆ పిల్ల చూసింది. ఆ ప్యాచ్‌ను దొరకబుచ్చుకుని, చుక్క లోపలెక్కడో ఉందన్నట్టు గోళ్లతో గీకుతోంది. గోటి కింద నెత్తురు కనిపించింది.

నాకు సిగ్గేసింది. చుక్క పెట్టినప్పుడు తెలియక పెట్టాను, సరే. దాన్ని తీసింది మాత్రం నన్ను ఎవరూ తిట్టకూడదని, పిల్ల కోసం కాదు. ఆ మాట అక్కడే మేడంతో అనేశాను. ఆమె తిట్టలేదు, "కూసో అన్నా" అంది. నేను అక్కడున్న చిన్న కుర్చీలో కూర్చున్నాను. అది నా బరువుకు విరిగింది. ఐదుగురు పిల్లలు పని ఆపి నన్ను చూశారు, వాళ్లలో ఒక పిల్లాడు 'అయిపోయింది' సంచి తెచ్చి కుర్చీ పక్కన పెట్టాడు.

సునీతను పిలవక తప్పలేదు. ఈ ఒక్కసారికని సూపర్‌వైజర్‌ను బతిమాలి, ఆమె ప్యాకింగ్ టోపీ తలమీదే ఉండగా పరుగెత్తుకొచ్చింది. పిల్లను ఒళ్లోకి తీసుకుని పరదా వెనక అరగంట కూర్చుంది. పిల్ల నెమ్మదించాక నేనే వెళ్లి చెప్పాను, "తప్పు నాదమ్మా, దిష్టి సుక్క వెట్టిన, మళ్ల నేనే చెరిపిన" అని.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. విచిత్రంగా చూసింది. "గంతేనా అన్నా? నేను గూడ రోజు పొద్దుగాల దాని బుగ్గకు కాటుక సుక్క వెడ్త. బడికచ్చే ముంగట అద్దంల సూసుకుంట దానంతట అదే గుడ్డ వెట్టి తుడుసుకుంటది. తుడిసినంక సప్పుడు జెయ్యకుండ చెప్పులేస్కుంటది. ఒక దినం మా అత్త తుడిసింది. ఇగ సూడు, పొద్దంత ఏడ్పే."

మేడం చేతిలోని కాగితాలు కింద పెట్టేసింది. "ఆమెనే తుడుస్తదా? ఎవ్వరు తుడువొద్దా?"

"ఎవ్వరు తుడువొద్దు మేడం. తుడిస్తెనే ఆ పని అయిపోయినట్టు దానికి."

మేడం నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు అప్పటికి అలవాటైంది, ఏదో పని పడబోతోంది. "అన్నా, రేపు శుక్రవారం. పొద్దుగాల పిల్లలు రాకముందు వచ్చి ఆ చుక్క మళ్ల వెట్టాలె."

ఇరవై ఆరేళ్లలో నన్ను తిట్టి చెరిపించిన పార్టీలున్నారు. తిట్టి, చెరిపించి, మళ్లీ అదే పెట్టమన్న పార్టీ ఈమె ఒక్కతే.

ఆ సాయంత్రం కూర్చుని నాలుగు కార్డులు గీశాను. ఒకటి, చుక్క ఉన్న గోడ. రెండు, చేతిలో చిన్న బ్రష్. మూడు, రోలర్ పట్టుకున్న మనిషి, అంటే నేను. నాలుగు, చుక్క లేని గోడ. నాలుగోది ఖాళీ కార్డే కాబట్టి తొందరగా అయింది. మూడోదానికి మాత్రం నాలుగు కాగితాలు చింపాను. నా బొమ్మకు మీసం వేయనా వద్దా అని మేడంకు ఫోన్ చేశాను. "నీకు ఉన్నది కాబట్టి ఎయ్యి. నవ్వు మాత్రం ఎయ్యకు" అంది.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి పాత ప్యాచ్ మీద మళ్లీ చుక్క పెట్టాను. ఈసారి ఎనామెల్ వాడలేదు, అది నూనె రంగు, పై రంగును ఒక పట్టాన నిలవనివ్వదు. నీళ్ల రంగులోనే స్టెయినర్ అనే చిక్కటి నల్ల రంగు కలిపాను. వాసన రాకుండా కిటికీలన్నీ తెరిచాం. తొమ్మిదింటికి వైష్ణవి వచ్చింది. చుక్కను చూసింది. వంగి దగ్గరగా చూసి, వేలు పెట్టి, నిమిషం పాటు అలాగే ఉండిపోయింది. సైజు కుదిరిందో లేదోనని నేను ఊపిరి బిగబట్టాను. పదో తరగతి పాసయ్యానా లేదా అని చూసుకున్న రోజు కూడా అంత భయపడలేదు.

మేడం పట్టీ మీద నాలుగు కార్డులూ వరసగా అంటించి ఒక్కొక్కటే వేలుతో చూపించింది. ఎక్కువ మాటలు లేవు. "చుక్క. బ్రష్. పెయింటర్. ఖాళీ గోడ." నాలుగుసార్లు, అదే గొంతుతో. వైష్ణవి ఎటో చూస్తోంది. నాకైతే ఆమెకు ఒక్క ముక్క ఎక్కినట్టు అనిపించలేదు.

సరిగ్గా అప్పుడే కరస్పాండెంట్ సార్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. శనివారం తీసుకోవలసిన నిర్ణయం శుక్రవారమే తీసుకునేటట్టు ఉంది ఆయన మొహం. మేడం ఆయన వైపు వేలు ఎత్తింది, మాట్లాడొద్దన్నట్టు. మా సార్‌కు స్కూలంతటిలో వేలు చూపించిన మనిషి ఆమె ఒక్కతే, ఆయనా కిమ్మనకుండా నిలబడ్డారు.

నేను రెండించుల బ్రష్‌ను రంగులో ముంచి, అంచుకు రాసి, పిల్ల ముందు డబ్బా మీద అడ్డంగా పెట్టి వెనక్కి జరిగాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. నా మోకాళ్లు నొప్పి పుట్టాయి. సార్ వాచీ చూసుకున్నారు. అప్పుడు వైష్ణవి బ్రష్ తీసుకుంది.

చుక్క మీద ఒక గీత గీసింది. నలుపు పైకి తేలి బూడిద రంగులో కలిసింది. ఇంకో గీత, ఇంకోటి. మాలాంటివాళ్లం నాలుగు పూతల్లో కనపడకుండా చేస్తాం, ఆమె ఇరవై, ముప్పై పూతలు వేసింది. ప్రతి పూతకూ వంగి చూసి, ఏ కాస్త నలుపు మిగిలినా మళ్లీ వేసింది. మొత్తం పోయాక బ్రష్ నా చేతిలో కాదు, డబ్బా మీద అడ్డంగా పెట్టింది, మొదట నేను పెట్టినట్టే. వెళ్లి పట్టీ మీది చుక్క కార్డు తీసి సంచిలో వేసింది. బ్రష్ కార్డు తీసి సంచిలో వేసింది. తర్వాత మూడో కార్డు దగ్గర ఆగి, తిరిగి నన్ను చూసింది.

మేడం నాకు సైగ చేసింది. నేను మరుక్షణం రోలర్ అందుకున్నాను. ఆ గోడ మొత్తం, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఎక్కడా ప్యాచ్ పడకుండా ఒకే బిగిన ఒక కోటు వేశాను. అరగంట పట్టింది. వైష్ణవి బల్ల పక్కన నిలబడి రోలర్ ఎటు వెళితే అటు చూసింది. మధ్యలో సార్ వెళ్లిపోతారనుకున్నాను, వెళ్లలేదు. ఎప్పుడో తలుపు పక్కనున్న కామ్ కార్నర్ మెత్త మీద కూర్చున్నారు.

పని అయింది. నేను నాలుగడుగులు వెనక్కి వేసి గోడను చూశాను. మాకు అదొక జబ్బు, ఎంత బాగున్నా ఇంకేదో తక్కువైనట్టుంటుంది. పై మూల కాస్త పలచగా ఉందేమోనని రోలర్ మళ్లీ ముంచబోయాను.

వైష్ణవి పట్టీ దగ్గరికి వెళ్లింది. మీసాలున్న పెయింటర్ కార్డు పీకింది. నా ముందుకొచ్చి, కార్డును నాకు కనపడేటట్టు ఎత్తి పట్టుకుని, తర్వాత సంచిలో వేసింది. అప్పటికీ నేను కదలకపోయేసరికి నా వెనక్కి వచ్చి, రెండు చేతులూ నా నడుముకు ఆనించి తలుపు వైపు తోసింది. అరుపు లేదు, ఏడుపు లేదు. నేను వరండాలో పడేదాకా తోసి, వెనక్కి తిరిగి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఖాళీ గోడ. మేడం పూసల గిన్నె ముందు పెట్టింది. వైష్ణవి ఒక పూస తీసి దారానికి ఎక్కించింది.

సార్ వరండాలోకి వచ్చారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. "యాదగిరీ, కంప్యూటర్ల ముచ్చట పై అంతస్తుల సూద్దాం" అన్నారు. నా కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. రంగు ఘాటన్నాను. ఆ రంగుకు ఘాటు లేదని ఆయనకూ తెలుసు.

మధ్యాహ్నం మేడం ఫోన్‌లో చెబితే సునీత మొదట నమ్మలేదట. "ఏడ్వకుండనే తోలిందా మేడం? నిజమా?" అని మళ్లీ మళ్లీ అడిగిందట. తన పిల్ల తనకేం వద్దో ఇంకో మనిషికి అర్థమయ్యేటట్టు, అరవకుండా చెప్పడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. ఆ రోజు ఆమె షిఫ్ట్ పూర్తిగా చేసుకుని, టైముకు వచ్చి పిల్లను తీసుకెళ్లింది.

అప్పటి నుంచి ఏ స్కూలుకు వెళ్లినా, స్కెచ్ తీయడానికి ముందు ఆ గదిలో కూర్చునేది ఎవరని అడుగుతాను. తర్వాత నేల మీద కూర్చుని, వాళ్ల కళ్లంత ఎత్తు నుంచి గోడను చూస్తాను. కుర్చీలో కూర్చోను, ఆ పాఠం వేరేగా నేర్చుకున్నాను. ఇంకో కోటు వెయ్యమని, ఇంకో పువ్వు గియ్యమని, ఆ మూలన ఇంకేదైనా పెట్టమని నాకు చెప్పినవాళ్లు వందమంది ఉంటారు. చాలు, నీ పని అయిపోయింది, ఇక నన్ను నా పని చేసుకోనీ అని చెప్పింది మాత్రం మాటలు రాని ఆ ఒక్క పిల్లే.